కునుకు ఒప్పందం

మా వీధిలో పదకొండు మంది ఆడవాళ్లు నిద్రపోయే ఉద్యోగం చేస్తున్నారు. ఉద్యోగంలో నిద్రపోయేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. ఇది వేరు. వీళ్ల పని మధ్యాహ్నం రెండింటికి మొదలై మూడున్నరకు ముగుస్తుంది. దిండు మీద తల పెట్టుకుని కళ్లు మూసుకోవడమే పని. దానికి నియామక పత్రం ఉంది, ఏడాదికి పన్నెండు సెలవులున్నాయి, మెడ పట్టేస్తే వైద్యం ఉంది. సెలవు రోజున ఏం చేస్తారని అడక్కండి. ఇంట్లో నిద్రపోతారు.

నాకు ఆ ఉద్యోగం రాలేదు. పరీక్షకు పిలిచారు, వెళ్లాను. మంచం మీద పడుకోబెట్టి, తలకు తీగలంటించి, గంటన్నర చూశారు. ఆ గంటన్నరా నేను పైకప్పు పలకలు లెక్కపెట్టాను. నూట నలభై రెండు.

"మీరు పగలు పడుకోరా మేడమ్?" అంది అక్కడి అమ్మాయి.

"పుస్తకం చదువుకుంటానండి."

ఆ అమ్మాయి నా కాగితం మీద అనర్హురాలు అని రాసింది. బీకాం పాసై, ఇరవై రెండేళ్లు సంసారం చేసి, చివరికి నిద్రలో తప్పాను.

మా వదిన హైమవతి మొదటి ర్యాంకులో పాసైంది. మా ఆయనకు అక్క, కింది వాటాలో ఉంటుంది. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే ఆవిడ కళ్లు వాలిపోతాయి. "పుట్టినప్పుడు కూడా మధ్యాహ్నమే పుట్టింది, వెంటనే పడుకుంది" అంటుంది మా అత్తగారు, కూతురి ప్రతిభ గురించి ఎవరడిగినా.

ఆ సంస్థ పేరు సుషుప్తి. కాకినాడలో పిఠాపురం రోడ్డు మీద మూతపడిన సినిమా హాలు ఒకటుంటే కొని ల్యాబుగా మార్చారు. ఒకప్పుడు బాల్కనీలో టికెట్టు కొని నిద్రపోయిన చోటనే ఇప్పుడు జీతం తీసుకుని నిద్రపోతారు. ఊరు బాగుపడిందనడానికి ఇంతకంటే ఏం కావాలి.

దిండు కనిపెట్టింది ఫణీంద్ర అనే ముప్పై అయిదేళ్ల శాస్త్రవేత్త. అతను మొదట రేవు కోసం పని చేసేవాడు. ఏ ఓడ ఎక్కడ ఆగాలి, ఏ పెట్టె ముందు దిగాలి, ఏ లారీ ఎప్పుడు రావాలి అన్నది కంప్యూటరు చక్కగా వేసి ఇచ్చేది. ఒక్క లారీ టైరు పంక్చరైతే చాలు, ఆ చక్కదనమంతా కుప్పకూలేది. ఒకనాడు అతను మెదడు తరంగాలు చదివే దిండును బాగుచేద్దామని ఇంటికి తెచ్చి సోఫాలో పడేశాడు. రేవు లెక్కలతో కలిపి ఉన్న తీగ తియ్యడం మర్చిపోయాడు. వాళ్లమ్మ భోంచేసి దానిమీద తల వాల్చింది. ఆవిడ లేచి కాఫీ పెట్టుకునే వేళకు, మూడు రోజులుగా విడని రేవు చిక్కు విడిపోయి కూర్చుంది.

ఇల్లు నడిపే మనిషి బుర్ర నిద్రలో ఊరికే ఉండదట. గ్యాసు ఎన్ని రోజులొస్తుంది, చుట్టాలు ఒక పూట ముందే దిగితే ఎవర్ని ఎక్కడ పడుకోబెట్టాలి, టైలరుకిచ్చిన జాకెట్టు పెళ్లిలోపు వస్తుందా అని సర్దుతూనే ఉంటుందట. ఆ సర్దుడు మీదికి దిండు నెమ్మదిగా గిన్నెలకు బదులు ఓడల్ని తోస్తుంది. బుర్రకు తేడా తెలీదు. ఓడైనా గిన్నైనా దేనిలో ఏది పడుతుందన్నదే కదా ప్రశ్న.

ఒకసారి వదిన కళ్లజోడు మర్చిపోతే ఇవ్వడానికి ల్యాబుకి వెళ్లాను. వరసగా పదకొండు మంచాలు, పదకొండు గురకలు. ఫణీంద్ర తెర ముందు కూర్చుని బుర్ర గోక్కుంటున్నాడు.

"ఒకటి అర్థం కావడం లేదండీ" అన్నాడు, నేనేదో సాటి శాస్త్రవేత్తనైనట్టు. "పది పెట్టెలు సర్దమంటే పదకొండింటికి చోటు ఉంచుతారు. పదకొండు మందీ అంతే, ఒకళ్లకొకళ్లు చెప్పుకోకుండానే. మొదట్లో తప్పనుకుని మూడు నెలలు దిద్దాను. నేను దిద్దినప్పుడల్లా రేవు ఇరుక్కుంది. వదిలేసినప్పుడల్లా నడిచింది."

"అది తప్పు కాదండీ. కొసరు."

"అంటే?"

అతను పుట్టినప్పట్నుంచీ కూరగాయలు ఫోన్లో తెప్పించుకున్న మనిషి. వంకాయలు కిలో తూచాక కూరలమ్మాయి పైనుంచి ఒక పిడికెడు వేస్తుందని, వెయ్యకపోతే మనం కదలమని చెప్పాను.

"అంటే డిస్కౌంటా?"

"కాదు. డిస్కౌంటు లెక్కలో ఉంటుంది. ఇది లెక్క అయిపోయాక వచ్చేది."

అతను అది కాగితం మీద రాసుకున్నాడు. రెండు నెలలకు సుషుప్తి వాళ్ల రంగుల ప్రచార పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలు: 'పదింటికి ఒకటి అదనం. ఇది పొరపాటు కాదు, మా పనితనం.' నా పేరు వెతికాను. లేదు.

ఇంతవరకూ అంతా బాగుంది. బాగోనిది ముగ్గుతో మొదలైంది.

మా వదిన ముప్పై ఏళ్లుగా ఏ ముగ్గూ రెండోసారి వెయ్యలేదు. ఇదేదో మొక్కు కాదు. ఆవిడకు విసుగు, అంతే. మధ్యాహ్నం పడుకుని లేచాక కాఫీ గ్లాసుతో పెరటి మెట్టు మీద అరగంట కూర్చునేది. మాట్లాడితే పలికేది కాదు. చేతిలో సుద్దముక్క మెట్టు మీద చుక్కలు పెడుతూ పోయేది. ఆ అరగంటలో వచ్చిందే మర్నాడు పొద్దున్న వాకిట్లో పడేది. పెళ్లిళ్లకీ, కొత్తిళ్లకీ ఆవిణ్ణి పిలిచేవాళ్లు. మా అత్తగారు రోజూ ఆ ముగ్గు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేది. ఆవిడ చదివిన చదువంతా దానికే ఖర్చు పెట్టింది.

ల్యాబులో మూడున్నరకు గంట కొడతారు గానీ నాలుగింటి దాకా లేవనివ్వరు. కళ్లు తెరిచి, దిండు మీదే తల ఉంచి, ఏమీ మాట్లాడకుండా పడుకోవాలి. దాని పేరు చల్లార్చడం. అది పని వేళలో లెక్కకి రాదు. బుర్రలో మిగిలినదాన్ని దిండు ఆ అరగంటలో అడుగంటా తుడుచుకుంటుందని తరవాత తెలిసింది.

ఎనిమిది నెలలయ్యేసరికి వదిన మెట్టు మీద కూర్చుంటోంది, సుద్దముక్క పట్టుకుంటోంది, రాయి రాయిలానే ఉంటోంది.

"ఏం తోచటం లేదు వకుళా" అంది ఒకరోజు. "లేచాక బుర్ర తోమి బోర్లించిన గిన్నెలా ఉంటోంది."

"మరి మానెయ్యచ్చుగా వదినా?"

"మానేస్తే వీరవేణినవుతాను."

వీరవేణి మూడిళ్ల అవతల ఉంటుంది. ఫిబ్రవరిలో ఉద్యోగం మానేసింది. ఒప్పందంలో పంతొమ్మిదో షరతు ప్రకారం, మానేసినవాళ్లు రెండేళ్లపాటు పగలు నిద్రపోకూడదు. తర్ఫీదు పొందిన నిద్ర ఇంకో సంస్థ దిండు మీదికి పోతుందని వాళ్ల భయం. అందుకని మణికట్టుకు ఒక పట్టీ వేశారు. పగలు కన్ను వాలితే అది గుయ్యిమని లేపుతుంది. పిఠాపురం బస్సులో గుయ్యిమంటే అందరూ తమ ఫోన్లు తడుముకున్నారు. హరికథలో గుయ్యిమంటే దాసుగారు కథ ఆపి చూశారు. మేం నవ్వాం. ఏప్రిల్‌లో నూటమూడు జ్వరంతో పడుకున్నప్పుడు కూడా అది గుయ్యిమంటూనే ఉంది. వాళ్లాయన మంచం పక్కన కూర్చుని ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని శబ్దం వినపడకుండా చూశాడు. అప్పుడు ఎవరం నవ్వలేదు.

జూన్‌లో వదిన మళ్లీ ముగ్గులు వేసింది. అన్నీ గీతలు, గళ్లు. ఒక్క మెలిక లేదు.

మా అత్తగారు నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఏంటే హైమా, ఇది ముగ్గా, గోడౌనా?"

"ఏమోనమ్మా. చెయ్యి అలా పోయింది."

అత్తగారు అయినా ఫొటో తీసి పెట్టింది. నియమం నియమమే.

నాలుగో రోజున సుషుప్తి నుంచి నోటీసు వచ్చింది. ఆ ముగ్గులు రేవులో ఆ వారం పెట్టెలు పేర్చిన పథకమట. సంస్థ రహస్యాన్ని మా వదిన బియ్యప్పిండితో వాకిట్లో ప్రచురించిందట. మా అత్తగారు దాన్ని రెండువందల పద్నాలుగు మందికి పంచిందట. ఇకమీదట ముగ్గు వెయ్యకూడదు. కోర్టుకు వెళ్లకుండా వదిలెయ్యాలంటే శుక్రవారంలోపు వచ్చి కొత్త మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఒప్పందం జతచేశారు. ప్రతి పేజీ మీదా వాళ్ల సంతకం అప్పటికే ఉంది. మన సంతకం చోటు మాత్రం ఖాళీగా, మర్యాదగా ఎదురుచూస్తోంది.

పద్నాలుగో షరతు కొత్తది. నిద్రలో గానీ, లేచిన నాలుగు గంటల్లో గానీ ఉద్యోగికి తోచిన ప్రతి ఊహా సంస్థ సొత్తు.

సంతకం పెడితే బుర్ర పోతుంది. పెట్టకపోతే నిద్ర పోతుంది. మా వదిన ఆ కాగితాల్ని ఒళ్లో పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా నేనింత భయపడేదాన్ని కాదు.

"రేపు లాయరు దగ్గరికెళ్దాం" అన్నాను.

"ముగ్గు కోసం లాయరా? నవ్వుతారు."

"నవ్వితే ఫీజు తగ్గించమందాం."

*

లాయరు దుర్గాంబగారు కోర్టుకు ఎదురుగా జిరాక్స్ కొట్టు పైన మేడ మీద ఉంటారు. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీ కార్మికుల కేసులు చూసి చూసి, ఏ కాగితాన్నైనా పాడైన పాల ప్యాకెట్టులా రెండు వేళ్లతో పట్టుకుంటారు. ఒప్పందం తీసుకుని సగంలో తెరిచారు.

"మొదట్నుంచి చదవరాండీ?" అన్నాను.

"మొదట్లో అందరూ మంచివాళ్లేనమ్మా. కాగితం బుద్ధి పోనుపోనూ తెలుస్తుంది."

చదువుతూ మధ్యలో మాకు చెప్పారు. మానేశాక కూడా మనిషిని కట్టేసే షరతు మన చట్టం ముందు నిలబడదని. మా వదిన మొహం వెలిగింది. "కానీ" అన్నారు దుర్గాంబగారు, "నిలబడదని కోర్టు చెప్పేసరికి మీకు తొమ్మిదేళ్లు పట్టచ్చు. ఈలోగా మీరు మెలకువగానే ఉంటారు." వదిన మొహం మళ్లీ ఆరిపోయింది.

ఇరవై మూడో పేజీ దగ్గర ఆవిడ ఆగిపోయారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇదేంటమ్మా? ముప్పై ఏళ్లలో ఇలాంటి షరతు చూడలేదు నేను." పైకి చదివారు. "'ముప్పై ఒకటి. పైన చెప్పిన ఇచ్చిపుచ్చుకోళ్లన్నీ తేలి, సంతకాలు పడిన తర్వాత, తూచిన పక్షము తూయించుకున్న పక్షము అడిగిన ఒక పిడికెడు పైన వేయవలెను. అది లెక్కలోకి రాదు. కాదనుట లేదు. తూచిన పక్షమనగా షరతులు రాసి తెచ్చిన పక్షము.'"

నేను వదిన వైపు చూశాను. వదిన కాగితం వైపు చూస్తోంది, తప్పిపోయిన పిల్లను సంతలో చూసినట్టు.

"ఇది నేనే" అంది.

"మీరు రాశారా?" అన్నారు దుర్గాంబగారు.

"రాయలేదండీ. సర్దాను. మొన్నామధ్య తుఫాను వచ్చిన రోజున ఓడలు లేవు కదా, అయినా మమ్మల్ని పడుకోబెట్టారు. లేచాక ఎప్పుడూ ఓడలు సర్దిన బరువుంటుంది భుజాల్లో. ఆ రోజు ట్రంకుపెట్టెలో కాగితాలు సర్దినట్టుంది. ఎందుకా అనుకున్నాను." ఆవిడ వేలు పెట్టి చూపించింది. "నా చేతి కుట్టు నాకు తెలీదా?"

దుర్గాంబగారు చాలాసేపు నవ్వారు. ఆవిడ నవ్వడం అరుదని కింద జిరాక్స్ కొట్టతను పైకొచ్చి చూసి వెళ్లడం వల్ల తెలిసింది. హైదరాబాదు లాయర్లకు బదులుగా, పాత ఒప్పందాలు పదో పన్నెండో దిండ్లలో పోసి, పదకొండు మంది ఆడవాళ్ల చేత కొత్త ఒప్పందం సర్దించారన్నమాట. ఆ ఆడవాళ్లు తమ మెడకు తామే ఉరి పేనుతూ, అలవాటు చొప్పున చివర్లో కొసరు అడిగారు. ఇరవై మూడో పేజీ దాకా ఎవరూ చదవలేదు.

"రాసి తెచ్చినవాడు చదవకపోతే ఆ పాపం వాడిదే" అన్నారు దుర్గాంబగారు. "అర్థం దగ్గర పేచీ వస్తే, రాసినవాడికి ఎదురుగానే చెప్పుకోవాలని చట్టంలో పద్ధతి కూడా ఉంది. అయితే రేపు మనం బేరానికి కూర్చుంటే వాళ్లు కాగితమంతా మళ్లీ చదువుతారు. ఇది కూడా కనపడిపోతుంది."

"బేరమాడకూడదండీ" అన్నాను. "ఫిక్స్‌డ్ రేట్ అని బోర్డున్న చీరల కొట్లో బేరమాడితే గోడ చూపిస్తాడు. అందుకని ముందే రేటు ఒప్పేసుకోవాలి. ఒక్క పైసా తగ్గించరు కదా అని వాడి చేత పదిమందిలో అనిపించాలి. బిల్లు రాశాక, చీర కవర్లో పెట్టాక, అప్పుడు జాకెట్టు గుడ్డ అడగాలి."

ఆవిడ నన్ను కొంచెంసేపు పరీక్షగా చూశారు. "మీరు లా చదవాల్సింది."

"బీకాం అండీ. సెకండ్ క్లాసు."

తరవాత రెండు గంటలు ఆ పిడికెడు రాయడానికి కూర్చున్నాం. డబ్బు అడగచ్చన్నారు దుర్గాంబగారు. వదిన తల అడ్డంగా ఊపింది. పద్నాలుగో షరతు తీసెయ్యమందామన్నాను నేను.

"అది పిడికెడు కాదు, బస్తా" అన్నారు లాయరుగారు. "కోర్టులో ఒప్పుకోరు. చేతిలో పట్టేది అడగండి. మీకు అచ్చంగా ఏం కావాలమ్మా?"

వదిన ఆలోచించలేదు. "లేచాక అరగంట."

"రాస్తున్నాను. నిద్ర లేచాక ఒక అరగంట..."

"నా పెరటి మెట్టు మీద" అంది వదిన.

"స్థలం అక్కర్లేదమ్మా. స్థలం పెడితే రేపు ల్యాబులోనే ఒక మెట్టు కట్టిస్తారు. 'ఉద్యోగి ఎంచుకున్న చోట.' సరేనా? 'దిండు తలకు తగలకుండా.'"

"ఆ అరగంటలో వచ్చినవి?"

"లెక్కలోకి రావని షరతే చెబుతోంది కదా. లెక్కలోకి రానిదాన్ని పద్నాలుగో షరతు ముట్టుకోలేదు." ఆవిడ కలం మూత పెట్టారు. "నాలుగు గంటల్లో వాళ్లవి మూడున్నర. పోనీండి. ఆ మూడున్నరలో మీరు గిన్నెలు తోముకోండి. ఆ ఊహలన్నీ వాళ్లే తీసుకుంటారు."

మెట్లు దిగుతుంటే ఆవిడ వెనకనుంచి పిలిచారు. "మిగతా పది మందికీ ఇదే ఒప్పందం వచ్చిందా?"

వచ్చిందన్నాను.

"అయితే పిడికెళ్లు పదకొండు" అన్నారు, ఎవరికీ కానట్టు.

*

శుక్రవారం పదకొండింటికి సుషుప్తి మీటింగు గదిలో కూర్చున్నాం. పాత సినిమా హాలు ప్రొజెక్టరు గది అది. అవతలివైపు ఉద్యోగుల వ్యవహారాలు చూసే నిఖిలేష్, అతని పక్కన ఫణీంద్ర. ఇవతల దుర్గాంబగారు, వదిన, నేను. నేను ఎవరినని అడిగితే గుమాస్తానన్నారు లాయరుగారు. నా పుస్తకం, పెన్ను చూసి నమ్మారు. మిగతా పది మందీ బయట వరండాలో కూర్చున్నారు. వీరవేణి కూడా వచ్చింది. పట్టీ రెండుసార్లు గుయ్యిమంది.

నిఖిలేష్ మర్యాదస్తుడు. నోటీసు పంపినందుకు బాధపడ్డాడు. ముగ్గులంటే తనకెంతో గౌరవమన్నాడు. వాళ్ల అపార్టుమెంటు వాకిట్లో స్టిక్కరు ముగ్గు ఉందట.

"పద్నాలుగో షరతు కొంచెం సడలిస్తారా?" అన్నారు దుర్గాంబగారు, అడక్కపోతే అనుమానం వస్తుందన్నట్టు.

"క్షమించండి మేడమ్. అన్ని ఊళ్లకీ ఒకటే ఒప్పందం. ఒక్క అక్షరం కూడా మారదు."

"ఒక్క అక్షరం కూడానా?" అన్నాను, పెన్ను పైకెత్తి.

"ఒక్కటి కూడా."

"మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అనే రాసుకోమంటారా?"

"రాసుకోండి మేడమ్. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సంస్థ కట్టుబడి ఉంటుంది."

రాసుకున్నాను. మీటింగులో అనుకున్నవి కదా, కింద ఒక సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. పాపం, మర్యాదస్తుడు.

మా వదిన పెన్ను తీసుకుంది. ఇరవై మూడు పేజీలకీ, పేజీకొకటి, పాలు పొంగకుండా చూసేంత శ్రద్ధగా సంతకం పెట్టింది. కాగితాలు నిఖిలేష్ వైపు తోసింది. అతను లేచి చెయ్యి చాపాడు. "కంగ్రాట్స్ మేడమ్."

వదిన లేవలేదు. కూరల గంప ముందు కూర్చున్నట్టు కుర్చీలో సర్దుకుంది.

"తూచడం అయింది కదా బాబూ" అంది. "కొసరు వెయ్యి."

"సారీ?"

"ఇరవై మూడో పేజీ" అన్నారు దుర్గాంబగారు.

అతను తిప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. చాచిన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకున్నాడో అతనికే తెలీదు.

"ఇది... ఇది సిస్టమ్ పొరపాటండీ. ఏదో కలిసిపోయింది. దీనికి అర్థం లేదు."

"పొరపాటు కాదు" అన్నాడు ఫణీంద్ర.

అతను అప్పటిదాకా బల్ల మీద చూపు పెట్టుకుని ఉన్నాడు. జేబులోంచి రంగుల పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. "పదింటికి ఒకటి అదనం. ఇది పొరపాటు కాదు, మా పనితనం. మీరే అచ్చు వేయించారు నిఖిలేష్‌గారూ. ఈ మాట చెప్పి ఆరు రేవులకు అమ్మాం. పొరపాటని ఇప్పుడు రాసిస్తే ఆరు రేవులూ రేపే మన దగ్గరికొస్తాయి."

"మీరు ఎవరి వైపు సార్?"

ఫణీంద్ర పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "మా అమ్మ ఆ దిండు మీద ఏడాదిగా పడుకుంటోంది. అంతకుముందు ఎప్పుడూ ఏదో ఒకటి గొణుక్కుంటూ ఉండేది, పాట కాదు, మాట కాదు. ఇప్పుడు గొణగదు. అడిగితే ఏమో రా, రావటం లేదంటుంది." పుస్తకం మూశాడు. "చల్లార్చే అరగంట పెట్టింది నేనే. దాన్ని ఆపమని మూడుసార్లు రాశాను. లాభసాటిగా ఉందన్నారు."

నిఖిలేష్ పెద్దాఫీసుకు ఫోను చేశాడు. బయటికెళ్లి స్పీకరు పెట్టి చేశాడు గానీ ప్రొజెక్టరు గది గోడలో కన్నాలుంటాయి కదా, అంతా వినపడింది. అవతల ఎవరో పెద్ద లాయరు. ఇరవై మూడో పేజీ మీద మన సంతకం ఉందా అని అడిగారు. ఉందన్నాడు. కట్టుబడి ఉంటామని ఎవరైనా రాసిచ్చారా అని అడిగారు. దానికి అతను జవాబు చెప్పడానికి కొంచెం సమయం పట్టింది.

తిరిగొచ్చి కూర్చున్నాడు. "ఏం కావాలి మేడమ్?" అన్నాడు. అతని గొంతులో అంకెకు సిద్ధపడిన మనిషి కనపడ్డాడు.

దుర్గాంబగారు నాలుగు వరసల కాగితం ఇచ్చారు. అతను చదివి తలెత్తాడు. "అరగంటేనా?"

"అరగంటే" అంది వదిన.

అంత తేలిగ్గా పోతుందని అతను అనుకోలేదు. వెంటనే సంతకం పెట్టేశాడు, మళ్లీ మనసు మార్చుకుంటుందేమోనన్నట్టు. నేను లేచి తలుపు తీశాను.

"రండి మాణిక్యాంబగారూ" అన్నాను. "తరవాత మీ వంతు."

మాణిక్యాంబగారు తన ఒప్పందంతో లోపలికొచ్చి, సంతకాలు చేసి, కొసరుగా పంతొమ్మిదో షరతు కింద తొడిగిన పట్టీ ఒకటి విప్పించమంది. ఒకటే, ఒక చేతిది. పిడికెడు దాటలేదు. నిఖిలేష్ వీరవేణి చెయ్యి తన చేత్తోనే పట్టుకుని విప్పాడు. విప్పుతుంటే అది చివరిసారి గుయ్యిమంది. మూడో ఆవిడ, ఇకమీద ఎవరి చేతికీ అది తొడగకూడదంది. నాలుగో ఆవిడ వదిన అడిగిన అరగంట అందరికీ కావాలంది, ఫణీంద్రగారి అమ్మతో సహా. అయిదో ఆవిడ లోపలికొచ్చేసరికి నిఖిలేష్ నీళ్లడిగాడు.

మిగిలిన ఏడూ మేం వాడలేదు. సంతకాలు మాత్రం అయ్యాయి. ఏడు పిడికెళ్లు దుర్గాంబగారి బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఏది ఎప్పుడు అడుగుతామో చెప్పలేదు. ఆ సంగతి గుర్తున్నంత కాలం సుషుప్తి వాళ్లు మా పట్ల ఎంతో ప్రేమగా ఉంటారని ఆవిడ నమ్మకం. బయటికి నడుస్తూ ఆవిడ ఫీజు సంగతి చెప్పారు. వదిన లెక్కపెట్టి ఇచ్చింది. ఆవిడ తీసుకుని, అక్కడే నిలబడ్డారు.

"ఏంటండీ?" అన్నాను.

"కొసరు?" అన్నారు దుర్గాంబగారు.

మా వదిన వాళ్లింటి వాకిట్లో ఒక ముగ్గు వేస్తానని మాటిచ్చింది. మాటిచ్చాక మొహం చిన్నబుచ్చుకుంది. ముగ్గు ఎక్కడుంది ఆవిడ దగ్గర?

*

నిజానికి మొదటి వారం ఏమీ రాలేదు. మూడున్నరకు లేచి ఇంటికొచ్చి మెట్టు మీద కూర్చునేది. కాఫీ చల్లారేది. రాయి రాయిలానే ఉండేది. అరగంట గెలిచాం గానీ అందులో ఏముందో ఎవరు చెప్పగలరు. ఎనిమిదో రోజున, ఇక రాదేమోనంది. మా అత్తగారు పక్కనొచ్చి కూర్చుంది. ఆవిడ జీవితంలో నోరు మూసుకుని కూర్చున్న అరగంట బహుశా అదొక్కటే.

పదకొండో రోజున నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే సుద్దముక్క చప్పుడు వినపడింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందని భయం. ఆరేసిన బట్టలే మళ్లీ మళ్లీ ఆరేశాను.

మర్నాడు పొద్దున్న వాకిట్లో పడింది. పదకొండు చుక్కలు, పదకొండు వరసలు, ఒక్క తిన్నటి గీత లేదు. మెలికలన్నీ ఒకదాని కిందినుంచి ఒకటి దూరి, తిరిగి తిరిగి, మొదలైన చోటికే వచ్చాయి. మూలన, ఏ వరసలోనూ కలవకుండా, ఒక చుక్క విడిగా ఉంది. దాన్ని ఏ మెలికా చుట్టలేదు.

"అదేంటే, ఒకటి మిగిలిపోయింది?" అంది అత్తగారు.

"మిగల్లేదమ్మా. వేశాను" అంది వదిన.

అత్తగారు ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టింది. అయిదు నిమిషాల్లో చూసినవాళ్లలో నిఖిలేష్ పేరు కూడా కనపడిందని పొంగిపోయింది.

ఆ మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. వీరవేణి. వెనకాల బస్సుల గోల.

"వకుళక్కా, తుని నుంచి మాట్లాడుతున్నాను."

"తునిలో ఏం పని? పిఠాపురం కదా వెళ్తానన్నావ్, చెల్లెలింటికి?"

"ఆయ్, పిఠాపురమే టికెట్టు తీసుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది." ఆవిడ గొంతు నిద్రతో ఇంకా బొంగురుగానే ఉంది. "కండక్టరు అరిచాడంట, పక్కావిడ తట్టిందంట. నాకు తెలీదు. అన్నవరం కూడా తెలీదు. ఇదిగో, ఇప్పుడే లేచాను."

"అయ్యో, మరి ఇప్పుడెలా?"

"వచ్చేస్తానులే అక్కా, తొందరేముంది. వెనక్కి వెళ్లే బస్సు కూడా ఎక్కాను" అంది వీరవేణి. "మళ్లీ కిటికీ సీటే."